వదిలేసిన అడ్వాన్సు

మా బావగారిని నేను వద్దనలేదు. మూడేళ్ళుగా మా బంధువులందరూ నేను వద్దన్నాననీ, ఆయనే మొండికేసి డబ్బు పెట్టి చెరువు పోగొట్టుకున్నారనీ అనుకుంటున్నారు. ఆ మాట మొదట ఎవరు పుట్టించారో చాలాకాలం నాకు తెలియదు. నేను మాత్రం పుట్టించలేదు. అయితే నా ఎదుట ఎవరన్నా ఆ మాట అన్నప్పుడు కాదని కూడా అనలేదు. తల కాస్త వంచుకుని, బాధపడుతున్న మనిషిలా కూర్చునేవాణ్ణి. జరిగింది వేరు. బావగారు తన దరఖాస్తు వెనక్కి తీసుకోవడానికి ఇంకా వ్యవధి ఉండగానే, ఎందుకు తీసుకోవాలో నాకు తెలిసింది. తెలిసీ నేను నోరు మెదపలేదు.

ఏలూరులో ఆదాయపు పన్ను రిటర్నులు వేసిపెట్టే చిన్న ఆఫీసు నాది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగంమంది కొల్లేటి చుట్టూ చేపల చెరువులు చేసేవాళ్ళే. మా అక్కను మండవల్లి దగ్గర ఇచ్చాం. బావగారికి కొద్దిగా వరిపొలం ఉంది. కానీ ఇల్లు గడిచేది చెరువు మీద. కొల్లేటికోటలో ఉండే రిటైరైన స్కూలు మాస్టారొకాయనతో కలిసి వాటాకి చెరువు లీజుకు తీసుకుని బొచ్చె, శీలావతి చేపలు పెంచేవారు. మాస్టారిది చర్చి పెద్దల కుటుంబం. మాట మెత్తన, అనుమానం ఎక్కువ. బావగారు అందుకు పూర్తిగా విరుద్ధం. ఇద్దరికీ ఏనాడూ గొడవ రాలేదు.

వాళ్ళిద్దరికీ షేర్ల అలవాటు అంటించింది నేనే. తాడేపల్లిగూడెం బయట, చేపలు ఎగుమతి చేసే ప్లాస్టిక్ ట్రేలు తయారుచేసే కంపెనీ ఒకటుండేది. చిన్నదే, కానీ మార్కెట్లో నమోదైనది. మా వైపు చెరువులనుంచి లారీలెక్కే చేపల్లో చాలా భాగం ఆ నీలం ట్రేల్లోనే వెళ్ళేవి. ఓసారి ట్రేలు కొనడానికి వెళ్ళినప్పుడు ఛైర్మన్ స్వయంగా బయటికొచ్చి బావగారికీ మాస్టారికీ టీ ఇప్పించాడు. "కంపెనీ ఓనరు మనకి కుర్చీ వేశాడోయ్ బామ్మర్దీ," అని బావగారు నెల్లాళ్ళు చెప్పుకున్నారు. నేను అప్పటికే ఆ కంపెనీ షేర్లు పోగేస్తున్నాను. వాళ్ళతోనూ కొనిపించాను. రెండేళ్ళు బాగానే పెరిగాయి.

తర్వాత కంపెనీ రైట్స్ ఇష్యూ ప్రకటించింది. కంపెనీకి కొత్తగా డబ్బు కావలసి వచ్చినప్పుడు, ఇప్పటికే షేర్లున్నవాళ్ళకి వాళ్ళ వాటా లెక్కన మార్కెట్ ధరకంటే తక్కువకు మరికొన్ని కొనుక్కునే హక్కు ఇస్తుంది. కడితే కొత్త షేర్లు వస్తాయి. కట్టడం ఇష్టం లేకపోతే ఆ హక్కును మార్కెట్లో ఇంకొకరికి అమ్ముకోవచ్చు. రెండూ చేయకుండా గడువు దాటిస్తే అది దేనికీ పనికిరాదు.

ఈ సంగతి వాళ్ళకి వివరించడానికి నేను చెరువు గట్టు మీది షెడ్డుకి వెళ్ళాను. మధ్యాహ్నం వేళ. కూలీలు పడవలో తిరుగుతూ, చేపల మేతకి చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి తాళ్ళకి కడుతున్నారు. నేను సగం చెప్పేలోపే బావగారు అందుకున్నారు.

"అర్థమైందోయ్. గట్టు తెగింది, వాటాదార్లకి పిలుపొచ్చింది. కట్టాలి."

ఆ మాటకి మా వైపు పెద్ద అర్థం ఉంది. వానాకాలంలో గట్టు తెగినా, చేపకి జబ్బు తగిలినా, ముందనుకున్న పెట్టుబడికి మించి డబ్బు కావలసి వస్తుంది. అప్పుడు వాటాదార్లందరూ ఎవరి వంతు వాళ్ళు మర్నాటికల్లా తెచ్చి పెట్టాలి. పెట్టనివాణ్ణి ఎవరూ ఏమీ అనరు. మరుసటేడు మాత్రం ఏ చెరువులోకీ పిలవరు. బావగారు రైట్స్ ఇష్యూని సరిగ్గా అలాగే చదువుకున్నారు. ఆయన దృష్టిలో అది పరువుకి సంబంధించిన విషయం, లాభనష్టాలు తర్వాత. అది తప్పని ఆయనకి చెప్పవలసినవాణ్ణి నేను. చెరువులో వాటాదార్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. కంపెనీ వాటాదారుకి అలాంటి బాకీ ఏమీ ఉండదు. కానీ ఆ పూట ఆ పోలిక నాకే ముచ్చటగా అనిపించింది.

"గట్టు ఎందుకు తెగిందో అడగక్కర్లేదాండీ?" అన్నారు మాస్టారు.

"బళ్ళో పిల్లల్ని అడిగినట్టు అడగొద్దు మాస్టారూ. కొత్త మెషీన్లు పెడతామని రాశారుగా."

"రాశారండీ. నేనూ సర్వీసంతా లెసన్ ప్లాన్లు రాశాను. రాసినవన్నీ చెప్పానా?"

బావగారు పగలబడి నవ్వారు. మాస్టారు నవ్వలేదు. నా వైపు తిరిగారు.

"ఏవండీ, ఛైర్మన్ గారికి ఏవో వారంట్లున్నాయని మీరే చెప్పారు. వాటి సంగతేమైందండీ?"

ఛైర్మన్ అంతకు ముందు తన పేరున వారంట్లు తీసుకున్నాడు. అంటే ఒక ధర ముందే ఖాయం చేసుకుని, అందులో నాలుగో వంతు కట్టాడన్నమాట. మిగతాది ఏడాదిన్నరలోగా కడితే అన్ని షేర్లూ ఆయనవి. కట్టకపోతే ఆ నాలుగో వంతు కంపెనీకి పోతుంది. ఆ గడువు సరిగ్గా రైట్స్ ఇష్యూ నడుస్తున్న రోజుల్లోనే తీరుతుంది. నేను అదే చెప్పాను.

"అడ్వాన్సండీ అది. అడ్వాన్సు కొట్టాడు," అన్నారు బావగారు.

"మిగతాది కట్టాడంటే ఆయనకే కంపెనీ మీద నమ్మకం ఉన్నట్టండీ. కట్టగానే మీకు ఫోన్ చేస్తాను," అన్నాను.

"కట్టకపోయినా చెయ్యండి," అన్నారు మాస్టారు.

"ఎందుకు కట్టడు మాస్టారూ? అడ్వాన్సు వదిలేసుకోడానికి ఆయనేమన్నా పిచ్చోడా?"

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. కొల్లేటి చుట్టూ ఎవరైనా చెరువుకి అడ్వాన్సు ఇచ్చి, తర్వాత మాట్లాడకుండా దాన్ని వదిలేసుకుంటే, ఆ చెరువు జోలికి ఇంకెవరూ పోరు. కారణం కూడా అడగరు. ఇచ్చిన డబ్బు వదులుకున్నాడంటే ఆ నీళ్ళ సంగతి ఏదో వాడికి తెలిసిందన్నమాట. ఇది మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు.

ఇంతలో అక్క అన్నం క్యారేజీ తీసుకుని వచ్చింది. దాన్ని కింద పెట్టకుండానే నాతో అంది.

"ఒరే తమ్ముడూ, ఈయన లీజు డబ్బులు తీసి దీన్లో పెడతానంటున్నారు. నెలాఖరికి లీజు కట్టకపోతే రైతులు చెరువు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. ఆకివీడు పార్టీ ఎక్కువిస్తానని చుట్టూ తిరుగుతోంది. నువ్వు చెప్పరా. నీ మాటైతే వింటారు."

"ఏం ఫర్వాలేదక్కా," అన్నాను. "కొత్త షేర్లు చేతికి రాగానే సగం అమ్మితే లీజుకి సరిపోతుంది."

ఆ మాట అన్నప్పుడు నేను అబద్ధం చెప్పలేదు. నిజంగానే అలా నమ్మాను. నా తప్పు అక్కడ మొదలు కాలేదు.

ఇష్యూ మొదలైంది. బావగారు బ్యాంకులో దరఖాస్తు పెట్టారు. లీజు డబ్బు ఆయన ఖాతాలోనే ఉంది గాని బ్యాంకు దాన్ని కదలనివ్వదు. ఇష్యూ ముగిసేలోపు మనసు మారితే దరఖాస్తు వెనక్కి తీసుకోవచ్చు. ముగిసిందంటే ఇక దారి లేదు.

ఒక సాయంత్రం ఆఫీసులో కూర్చుని కంపెనీ ప్రకటనలు చూస్తున్నాను. కొత్తది ఒకటి వచ్చింది. అరపేజీ కూడా లేదు. వారంట్ల గడువు ముగిసింది, మిగతా సొమ్ము అందలేదు, ముందు కట్టింది జప్తు చేశాం. అంతే.

రెండుసార్లు చదివాను. ఛైర్మన్ అడ్వాన్సు వదిలేసుకున్నాడు. తన కంపెనీ షేరు, తనే ఖాయం చేసుకున్న ధరకి కూడా తనకి వద్దనుకున్నాడు. మనల్ని మాత్రం కట్టమంటున్నాడు.

ఈ ఒక్క వాక్యం ఫోన్లో చెబితే చాలు, బావగారు ఆ రాత్రి నిద్ర కూడా పోకుండా పొద్దున్నే బ్యాంకు తలుపు దగ్గర నిలబడతారని నాకు తెలుసు. ఫోన్ తీసి నంబరు నొక్కాను. అవతల ఒకసారి మోగింది. ఆ ఒక్క మోతలో నాకింకో సంగతి తోచింది. బావగారికి చెబితే మాస్టారికి తెలుస్తుంది, మాస్టారికి తెలిస్తే నా మాట మీద ఆ షేరు కొన్న నా క్లయింట్లందరికీ తెలుస్తుంది. అందరూ ఒకేసారి అమ్మడానికి దిగుతారు. అలాంటి చిన్న కంపెనీకి రోజుకి కొనేవాళ్ళే కొద్దిమంది. మా వాళ్ళందరిలోకీ ఎక్కువ షేర్లు నావే.

ఫోన్ కట్ చేశాను. వెంటనే ఆయనే చేశారు.

"ఏవోయ్, చేసి కట్ చేశావ్?"

"పొరపాటున తగిలిందండీ."

"సరేలే. అన్నం తిన్నావా?"

"ఇంకా లేదండీ."

"తినవోయ్, టైమవుతోంది."

ముందు నావి అమ్ముకుని తర్వాత చెబుదామనుకున్నాను. అప్పుడది నాకు ద్రోహంలా కనిపించలేదు. ఒకట్రెండు రోజుల ఆలస్యంలా కనిపించింది. మర్నాటినుంచి పొద్దున్నే కూర్చుని కొన్ని షేర్లు, కొన్ని హక్కులు అమ్ముతూ వచ్చాను. ధర పడిపోకుండా కొంచెం కొంచెంగా అమ్మాలి. ఎవరన్నా ఆ ప్రకటన చదివేస్తారేమోనని ప్రతి గంటా ధర చూసుకునేవాణ్ణి. ఎవరూ చదివినట్టు లేదు. నావి నేను అమ్ముకోవడంలో చట్టప్రకారం తప్పేమీ లేదు. ఆ కాగితం లోకమంతటికీ కనపడేదే. ఆ మాటే నాకు నేను చెప్పుకునేవాణ్ణి.

హక్కులు అమ్ముకునే చివరి రోజుల్లో బావగారు ఉత్సాహంగా ఫోన్ చేశారు.

"బామ్మర్దీ, ఎవడో తిక్కలోడు హక్కులు చవగ్గా అమ్మేసుకుంటున్నాడోయ్. నేను ఇంకొన్ని పట్టేశాను."

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"వింటున్నావా?"

"వింటున్నానండీ."

"వాడెవడో గాని వాడి పుణ్యాన మనం బాగుపడతాం."

ఆ తిక్కలోణ్ణి నేనే. ఆయన కొన్నవి నావేనా, ఇంకెవరివా అన్నది నాకు తెలియదు. కానీ ఆ వారం అంతగా అమ్ముతున్నది నేనే.

ఇష్యూ ముగిసే ముందురోజుకి నావన్నీ అమ్ముడైపోయాయి. ఇక చెప్పడానికి అడ్డేమీ లేదు. ఆఖరి రోజు పొద్దున్న కారు తీసి కైకలూరు రోడ్డు పట్టుకుని ఆకివీడు వెళ్ళాను. బావగారూ మాస్టారూ లారీలకి చేపలెక్కించడానికి అక్కడికి వచ్చారు. దారంతా మాటలు సిద్ధం చేసుకున్నాను. కానీ వంతెన దాటుతుండగా ఒక ప్రశ్న తోచింది. ఇప్పుడు చెబితే, నీకెప్పుడు తెలిసిందని అడుగుతారు. దానికి జవాబేది?

ఐసు నీళ్ళు కారుతున్న రోడ్డు మీద, లారీ పక్కన నిలబడి ఉన్నారు ఇద్దరూ. బావగారు నన్ను చూసి చెయ్యూపారు.

"ఏంటోయ్ ఇలా ఊడిపడ్డావ్? చేపలు మోస్తావా?"

"ఊరికే వచ్చానండీ."

మాస్టారు దగ్గరికి వచ్చారు. ఆయన ఇంకా దరఖాస్తు పెట్టలేదట. ఈ జవాబు కోసమే ఆగారట.

"ఏవండీ, ఛైర్మన్ గారు మిగతాది కట్టారాండీ?"

బావగారు దరఖాస్తు పెట్టిన బ్యాంకు రోడ్డుకి అవతలే ఉంది. తలుపు తెరిచే ఉంది. రోడ్డు దాటి లోపలికెళ్ళి ఒక సంతకం పెడితే చెరువు నిలబడుతుంది. అక్క ముఖం గుర్తొచ్చింది. మాస్టారు నా కళ్ళలోకి చూస్తూ నిలబడ్డారు.

"ఇంకా ఏమీ తెలియలేదండీ," అన్నాను.

"అయితే నేను మానేస్తానండీ. తెలియనిదాంట్లో ఎందుకు?"

"భలేవోరు మాస్టారూ!" అన్నారు బావగారు. "గట్టు తెగితే మేమందరం మట్టి మోస్తుంటే మీరు గొడుగేసుకుని చూస్తారా?"

లారీవాళ్ళు నవ్వారు. మాస్టారి ముఖం ఎర్రబడింది. "నా వంతు మేరకే కడతానండీ," అని రోడ్డు దాటి బ్యాంకులోకి వెళ్ళారు. ఆయన వెనక నేను రెండడుగులు వేశాను. ఆగిపోయాను. బావగారు టీ చెప్పారు. తాగాను.

మిగిలింది క్లుప్తంగానే చెబుతాను. కొత్త షేర్లు చేతికి వచ్చేలోపే కంపెనీ ఫలితాలు వచ్చాయి. పోగుచేసిన డబ్బు బ్యాంకు బాకీలకే చాలదని తేలింది. ఆ తర్వాత ప్రతి పొద్దునా అమ్మేవాళ్ళే గాని కొనేవాళ్ళు ఒక్కరూ లేరు. బావగారు రోజూ అమ్మకానికి పెట్టేవారు. రోజూ అలాగే తిరిగొచ్చేది. నెలాఖరు వచ్చింది. రైతులు మర్యాదగానే నాలుగు రోజులు ఆగి, చెరువు ఆకివీడు పార్టీకి ఇచ్చేశారు. బావగారు ఇప్పుడు కొల్లేటికోట దగ్గర ఇంకొకరి చెరువు మీద జీతానికి ఉంటున్నారు. మాస్టారు పెన్షన్‌తో సరిపెట్టుకుంటున్నారు. నాకు ఒక్క రూపాయి పోలేదు.

మొన్న అక్క కంటి పరీక్షకి ఏలూరు వచ్చింది. మా ఇంట్లోనే భోజనం. వడ్డిస్తూ మా ఆవిడ, ఎవరో చుట్టాలబ్బాయి షేర్లు కొంటున్నాడని ఏదో అంటే, అక్క చెయ్యి కడుక్కుంటూ చెప్పింది.

"వద్దని చెప్పే మనిషి పక్కనుండాలే గాని ఎవరైనా కొనొచ్చమ్మా. మీ ఆయన ఆఖరి రోజు కార్లో ఆకివీడుదాకా వెళ్ళి మరీ వద్దన్నాడు. ఈయన వింటేగా!"

"నీకెవరు చెప్పారక్కా?" అన్నాను.

"ఎవరు చెబుతారు? మీ బావగారే. చెరువు పోయిన రోజు నేను నీ మీద మండిపడ్డాను. ఆ తమ్ముడి ముఖం ఇక చూడనన్నాను. అప్పుడు చెప్పారు. వాణ్ణేమీ అనకు, వాడు పనిగట్టుకుని వచ్చి వద్దన్నాడు, నేనే వినలేదు అని. మాస్టారూ పక్కనే ఉన్నారు. ఆయనైనా కాదన్నారా?"

ముద్ద కంచంలోనే వదిలేశాను. నేనేదో చెప్పి వెళ్ళడానికే అంతదూరం వచ్చానని ఆయన ఆ రోజే పసిగట్టారేమో. లేకపోతే ఆ అబద్ధం అంత సరిగ్గా ఎలా అతుకుతుంది? ఆయన అది చెప్పింది నా మీద ప్రేమతో మాత్రమే కాదు. మా అమ్మానాన్న పోయాక అక్కకి పుట్టిల్లంటే నేనొక్కణ్ణే. ఆ పుట్టిల్లు పోకుండా ఉండాలని, చెరువు పోగొట్టుకున్న నింద కూడా ఆయనే నెత్తికెత్తుకున్నారు. మూడేళ్ళు నేను తల వంచుకుని కూర్చున్నది ఆ నింద నీడలో.

"పద అక్కా, నేను దింపుతాను," అన్నాను.

"బస్సుందిగా!"

"ఉండనీ. బావగారితో పనుంది."

దారిలో మాస్టారికి ఫోన్ చేసి బావగారు పనిచేసే చెరువు దగ్గరికి రమ్మన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. కారులో అక్క ఏవో కబుర్లు చెబుతూనే ఉంది. నాకు ఒక్కటీ చెవికెక్కలేదు. ఈసారి కూడా టీ తాగి వెనక్కి వచ్చేస్తానేమోనని భయం.

మేం వెళ్ళేసరికి బావగారు గట్టు మీద నిలబడి తవుడు మూటలు లెక్క చూసుకుంటున్నారు. మాస్టారు అప్పటికే వచ్చి స్కూటరు పక్కన నిలబడి ఉన్నారు. నా ముఖం చూడగానే, తన అబద్ధం బయటపెట్టడానికే వచ్చానని బావగారికి తెలిసిపోయింది. మూటలు దించేవాళ్ళని అవతలికి పంపారు.

"ఇప్పుడెందుకోయ్ అవన్నీ," అన్నారు మెల్లగా. "అయిపోయిందిగా. అక్కని ఇంటికి తీసుకెళ్ళు."

"లేదండీ. అక్క ముందే చెప్పాలి."

"ఏవిట్రా?" అంది అక్క.

ప్రకటన చదివిన సాయంత్రం దగ్గర్నుంచి చెప్పాను. ఫోన్ కట్ చేసిన సంగతీ, నావి అమ్ముకున్న సంగతీ, హక్కులమ్మిన తిక్కలోడి సంగతీ చెప్పాను. నన్ను నేను వెనకేసుకొచ్చే వాక్యాలు రెండుమూడు నోటిదాకా వచ్చాయి. మింగేశాను. బావగారు నీళ్ళవైపు చూస్తున్నారు. నేను వద్దనలేదని ఆయనకి ముందే తెలుసు. నాకు ముందే తెలుసునని మాత్రం ఆయనకి తెలియదు. అది ఆయన మెడ మీద నాకు కనపడింది. అక్కడ ఒక నరం కదిలింది.

మాస్టారు ఒక్కటే అడిగారు.

"ఆకివీడులో నేనడిగినప్పుడు మీకు తెలుసాండీ?"

"తెలుసండీ."

ఆయన తల పంకించారు. అక్క నన్ను చూడటం మానేసి బావగార్ని చూస్తోంది. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. కోపం కూడా ఇంకా రాలేదు. అది వచ్చాక ఏమవుతుందో నాకు తెలియదు. తెలిశాక చెబుదామని ఆగితే మళ్ళీ చెప్పలేను.

"అక్కా, బావగారు నా మాట కాదని చెరువు పోగొట్టుకోలేదు. నేను చెప్పకపోవడం వల్ల పోయింది. చుట్టాలందరికీ ఈ మాట నేనే చెబుతాను. మాస్టారండీ, మీరు సూటిగా అడిగితే నేను అబద్ధమాడాను. బావగారూ, నాకు తెలుసండీ. తెలిసీ మీకు చెప్పలేదు. మూడేళ్ళు మీ చేత నా తప్పు మోయించాను. నన్ను క్షమించండి."